కమ్యుటేషన్‌కు ముందు ఒక లెక్క

బాన్సువాడలో పదవీ విరమణ దగ్గరపడిన ఉద్యోగులు నన్ను కలిసినప్పుడు రక్తపోటు కన్న కమ్యుటేషన్ గురించే ఎక్కువగా అడుగుతున్నారు. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరి, పాత పింఛను వర్తించేవారు తమ పింఛనులో 40 శాతం వరకు వదులుకొని ఏకమొత్తంగా సొమ్ము పొందవచ్చు. ఆ భాగం తిరిగి కలిసేది 15 సంవత్సరాల తరువాతనే. తెలంగాణలో విరమణ వయస్సు 61. కూడి చూడండి, 76. మోకాళ్లు, కళ్లు, గుండె ఖర్చు పెట్టించేది సరిగ్గా ఆ నడుమనే. వచ్చిన సొమ్మంతా కుమారుని ఇంటికో, కుమార్తె పెండ్లికో ఇచ్చివేసి, రోజూ వేసుకోవలసిన మాత్రను రోజు విడిచి రోజు మింగుతున్నవారిని నేను చూశాను. (అడిగితే 'షుగరు తగ్గింది సార్' అంటారు.) పిల్లలకు ఇవ్వవద్దని నేననను. మందులకు, ఆస్పత్రి అడ్వాన్సుకు తగినంత మీ దంపతుల ఉమ్మడి ఖాతాలో వేసుకున్న పిదప ఇవ్వండి.