రేకుల నీడలో రాతినార

సామాన్యుని ఇంటికి కప్పు అనగానే మొదట స్ఫురించేది రేకు. తాటాకు కప్పుకు నిప్పు భయం ఎక్కువ. దానిని రెండు మూడేళ్లకొకసారి తిరిగి నేయించాలి. పెంకుటింటికి కోతుల బెడద, పెంకులు సర్దించే ఖర్చు తప్పవు. ఈ ఇబ్బందులన్నింటికీ విరుగుడుగా సిమెంటు రేకు వచ్చింది. అది చవకైనది, నిప్పంటనిది, తుప్పు పట్టనిది. అందువలన పేదవాని ఇంటికే కాక పశువుల కొట్టానికి, కోళ్ల ఫారానికి, బడి వరండాకు కూడ అదే నీడ అయింది. అయితే ఆ నీడలో దాగి ఉన్న అపాయాన్ని గూర్చి, దాని కింద కాపురం ఉండేవారికి చెప్పినవారు బహు తక్కువ.

ఈ రేకులలో సిమెంటుతో కలిసి ఉండే ఖనిజమే ఆస్బెస్టాస్. దీనిని తెలుగులో రాతినార అంటారు. ఇది ఎంతో సార్థకమైన పేరు. దీని పుట్టుక రాతిది, స్వభావం నారది. ఆస్బెస్టాస్ అనే గ్రీకు పదానికి 'ఆరనిది' అని అర్థం. మంటలో వేసినా కాలని వస్త్రాన్ని గూర్చి 13వ శతాబ్దపు యాత్రికుడు మార్కోపోలో వర్ణించాడు. దానిని కొండలలో దొరికే ఖనిజపు నారతో నేస్తారని కూడ వివరించాడు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ ఒకప్పుడు రాతినారను తవ్వి తీసేవారు. నేడు మన కర్మాగారాలకు ఇది ముఖ్యంగా రష్యా, కజకిస్థాన్ వంటి దేశాలనుండి దిగుమతి అవుతున్నది. సాధారణంగా రేకు బరువులో సుమారు పదోవంతు ఇదే.

నారగా చీలడమే రాతినార గుణం, అదే దాని దోషం కూడ. చీలిన కొద్దీ అది తల వెంట్రుకకన్న వందల రెట్లు సన్నని పోగులుగా మారుతుంది. ఆ పోగులు కంటికి కానరావు. వాటికి వాసన లేదు. గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. శ్వాసతోపాటు ఊపిరితిత్తులలో ప్రవేశించి, అక్కడే నాటుకొని ఉండిపోతాయి. శరీరం వాటిని కరిగించుకోలేదు. కాలక్రమాన ఊపిరితిత్తులు గట్టిపడి ఊపిరాడని ఆస్బెస్టోసిస్ అనే వ్యాధి, ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటిని కప్పి ఉండే పొరకు సోకే మీసోథీలియోమా అనే క్యాన్సరు సంభవిస్తాయి. ఈ వ్యాధులు వెంటనే బయటపడవు. పది, ఇరవై, ఒక్కొక్కప్పుడు నలభై ఏళ్లు కూడ పట్టవచ్చు. యౌవనంలో పీల్చిన ధూళి వార్ధక్యంలో ప్రాణం తీస్తుంది. అప్పటికి కారణమేమిటో రోగికే గుర్తుండదు.

ఈ జ్ఞానం నిన్న మొన్నటిది కాదు. రాతినార ధూళి హానికరమని 1898లోనే బ్రిటన్‌లో కర్మాగారాల తనిఖీ అధికారిణి ఒకరు నివేదించారు. 1924లో ఇంగ్లండులో నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 33 ఏళ్ల వయస్సులో మరణించగా, ఆమె ఊపిరితిత్తులలోని ఈ ధూళిని గూర్చి వైద్య పత్రికలో వ్యాసం వెలువడింది. 1960లో దక్షిణాఫ్రికా వైద్యులు గని కార్మికులకే కాక, గనుల పరిసరాలలో నివసించినవారికి సైతం మీసోథీలియోమా సోకినట్లు చూపారు. భర్త పని బట్టలు ఉతికిన ఇల్లాండ్రు సైతం ఈ వ్యాధికి గురైన సందర్భాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి.

రేకులోని నార సిమెంటుతో బిగిసి ఉంటుంది గనుక భయం లేదని కొందరు వాదిస్తారు. ఇందులో కొంత సత్యం ఉన్నది. పగలని, అరగని రేకు కింద కూర్చున్నంత మాత్రాన పెద్ద ప్రమాదం లేదు. కాని రేకు చిరకాలం అట్లే ఉండదు. ఎండకు ఎండి, వానకు తడిసి దాని పైపొర అరుగుతుంది. తుపాను గాలికి అది ఎగిరిపడి ముక్కలవుతుంది. 2014లో హుద్‌హుద్ తుపానునాడు విశాఖపట్టణ వాసులు చూచినది ఇదే. ఏ ఉపద్రవమూ రాకున్నా, డాబా కట్టుకొనే స్తోమత కలిగిన నాడు రేకులు దించక తప్పదు. కాబట్టి నేడు కప్పిన ప్రతి రేకూ ఏదో ఒకనాడు పగిలేదే. ఆనాడు దానినుండి వెలువడే ధూళి ఎవరి ఊపిరిలో చేరుతుందన్నదే అసలు ప్రశ్న.

దీనికి సమాధానం మన వీధులలోనే కనిపిస్తుంది. పాత రేకులను సుత్తితో బద్దలుకొట్టి కిందికి తోస్తారు. పొగ గొట్టానికి దారి కోసం కోత మిషనుతో కోస్తారు. ఆ కూలీ ముఖానికి రుమాలు తప్ప రక్షణ ఉండదు. రుమాలు ఈ పోగులను ఆపలేదు. పగిలిన ముక్కలు వాకిట గుంతలు పూడ్చడానికో, చెరువు గట్టుకో చేరుతాయి. వాటిమీద బండ్లు నడుస్తాయి, పిల్లలు ఆడుకుంటారు.

భయంతో రేకులను తొందరపడి పీకివేయడం కూడ అవివేకమే. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. బాగున్న రేకును కదపకుండా ఉంచడమే మేలు. తీయవలసి వస్తే ముందుగా నీటితో బాగా తడపాలి. బోల్టులు విప్పి, పగలగొట్టకుండా నిండు రేకుగా దించాలి. సన్నని ధూళిని వడకట్టగల మాస్కు ధరించాలి. రాలిన పొడిని పొడి చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవాలి. ముక్కలను మందమైన ప్లాస్టిక్ సంచులలో మూటగట్టాలి. పని బట్టలను విడిగా ఉతకాలి. పిల్లలను దరిచేరనీయరాదు.

అయితే మూటగట్టిన ముక్కలను సామాన్యుడు ఎక్కడ పారవేయాలి? ఈ భారాన్ని అతనిమీదనే మోపడం న్యాయం కాదు. 1995లో సుప్రీంకోర్టు కార్మికుని ఆరోగ్య హక్కు జీవించే హక్కులో అంతర్భాగమని తీర్పు చెప్పింది. రాతినార పరిశ్రమలో పనిచేసేవారి ఆరోగ్య వివరాలను ఉద్యోగంలో చేరింది మొదలు కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించింది. కర్మాగారంలోని కార్మికునికి ఈ పాటి అండ ఉన్నది. కప్పు దించే దినకూలీకి ఏ చిట్టాలోనూ పేరు లేదు. 2006లో ఫ్రాన్సు దేశపు పాత యుద్ధనౌక క్లెమెన్సోను విడగొట్టడానికి గుజరాతులోని అలంగ్ తీరానికి పంపగా, అందులోని రాతినార విషయమై నిరసన చెలరేగి ఆ నౌక వెనుదిరిగింది. పరదేశపు నౌకలోని విషాన్ని గుర్తించగలిగినవారు నెత్తిమీది విషాన్ని గుర్తించకపోవడం విచిత్రం.

ఐరోపా సమాజం 2005 నాటికి, నేపాల్ 2015లో, కెనడా 2018లో రాతినార వాడకాన్ని నిషేధించాయి. రాతినార లేని రేకులు మన దేశంలోనూ తయారవుతున్నాయి. వాటి వెల తగ్గేటట్లు ప్రభుత్వం చేయూతనివ్వాలి. పాత రేకులను పురపాలక సంఘాలు, పంచాయతీలు ప్రత్యేకంగా సేకరించి సురక్షితంగా పాతిపెట్టే ఏర్పాటు చేయాలి. అందుకయ్యే ఖర్చులో తయారీదారులు పాలుపంచుకోవాలి. ప్రతి రేకుమీద హెచ్చరికను తెలుగులో ముద్రించాలి. ఇల్లు మనిషికి నీడనిచ్చేది. ఆ నీడ కోసం కూలీవాడు తన ఊపిరిని వెలగా చెల్లించవలసిన గతి పట్టకుండా చూడడం సమాజ ధర్మం.