పళ్ల పంపిణీని కరుణ అనకండి

మొన్న బుద్ధపూర్ణిమ సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, మన పశ్చిమ ప్రకాశంలో జనం నడుములు వంగిపోవడం, పిల్లల దంతాలు గారపట్టడం పూర్వకర్మ అన్నాడు. బుద్ధుడూ కర్మే చెప్పాడట. మన చేతనయ్యేదల్లా కరుణతో రోగులకు పళ్లూ బ్రెడ్డూ పంచడమేనట. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

శివకుడనే పరివ్రాజకుడు సరిగ్గా ఈ మాటే బుద్ధుణ్ణి అడిగాడు. మనిషి పడే బాధలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని. అలా అనేవాళ్లది తప్పని బుద్ధుడు తేల్చి చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, దెబ్బలు తగలడం, ఇవన్నీ కారణాలే అన్నాడు. ఆయన చెప్పిన ఎనిమిదింటిలో కర్మ ఒకటి మాత్రమే. సంయుక్త నికాయం తిరగేస్తే కనిపించే సంగతి ఇది. మన నడుములు వంగడానికి కారణం బోరులోనే ఉంది. రాతిపొరల్లోంచి దిగే ఫ్లోరైడ్ లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ కలిసి ఉన్న నాటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే డాక్టర్లు గుర్తించి రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా కర్మ అంటుంటే వింటూ కూర్చోవాలా?

ఇక ఆ పళ్ల సంగతి. నాయకుడి పుట్టినరోజు వస్తే చాలు, ఆసుపత్రి వార్డులోకి ఫ్లెక్సీతో సహా పదిమంది దూరతారు. మూలుగుతున్న మనిషిని లేపి కూర్చోబెట్టి, చేతిలో నాలుగు అరటిపళ్లు పెట్టి ఫొటో తీసుకుంటారు. కిడ్నీలు చెడినవాడికి అరటిపండు, బత్తాయి, కొబ్బరినీళ్లు ఇష్టమొచ్చినట్టు ఇవ్వకూడదు. వాటిలోని పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ఇచ్చే ముందు నర్సమ్మను ఒక్క మాట అడిగినవాణ్ణి నేను చూడలేదు.

విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి చేయాలన్నాడు. ఎలాంటివాడు చేయాలో కూడా వినయపిటకంలో ఉంది. మందు కలపడం తెలియాలి, రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, లాభం కోసం కాక మైత్రితో చేయాలి, మలమూత్రాలు, వాంతులు ఎత్తడానికి రోత పడకూడదు, మంచి మాటతో ధైర్యం చెప్పగలగాలి. ఫ్లెక్సీ పట్టుకొచ్చినవాళ్లలో ఇవి ఎన్ని ఉన్నాయి?

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనం ఉంది. మన మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా ఆ జిల్లావే. మనుషులకూ పశువులకూ వైద్యం, మందు మొక్కలు నాటించడం, దారుల వెంట బావులు తవ్వించడం, అన్నీ ఒకే శాసనంలో ఉన్నాయి. వైద్యాన్నీ నీళ్లనూ ఆ రాజు విడదీయలేదు. మనకేమో వెలిగొండ నీటి ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగితే, రెండు సొరంగాలూ తవ్వేసరికి 2024 వచ్చింది. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన శిల్పం ఆస్ట్రేలియా దాకా పోయి 2016లో దేశానికి తిరిగొచ్చింది. దానికి సంతోషించాం, సంతోషించాల్సిందే. ఆ స్తూపం చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో మాత్రం ఎవరూ అడగలేదు.

వైద్యం ప్రభుత్వం పని, ధర్మం మన పని అనేవాళ్లూ ఉన్నారు. భిక్షువును కడిగినప్పుడు బుద్ధుడు ఎవరి పని చేశాడో వాళ్లే చెప్పాలి.

చేయాల్సింది చాలా ఉంది. ఊరూరా ప్రతి బోరు నీళ్లూ పరీక్ష చేయించి, ఆ అంకెను పంచాయతీ గోడ మీద రాయించాలి. తాగడానికి క్యాన్ నీళ్లు కొంటున్నా వంటకు బోరు నీళ్లు వాడే ఇళ్లున్నాయి, వాళ్లకు ఆ అంకె తెలియాలి. డయాలసిస్‌కు పోయే ఒంటరి ముసలివాళ్ల వెంట ఒక మనిషి వెళ్లాలి. ఎవరు వెళ్లాలి, ఎలా అన్నది కూర్చుని మాట్లాడుకుందాం. ముందు ఆ సభ పెట్టినవాళ్లు వచ్చే ఏడాది షామియానాకూ శాలువాలకూ పెట్టే డబ్బు నీళ్ల పరీక్షలకు ఇవ్వాలి.