‘తొలి మహిళ’ అన్న మాట వెనుక

మార్తా మెక్‌సాలీ ‘డేర్ టు ఫ్లై’ (2020) పట్టు విడవకపోవడంలో సులభమైన పాఠాలు నేర్పుతానంటుంది. పుస్తకంలోని అసలు లోపం ఆ హామీలోనే ఉంది.

1988లో ఆమె అమెరికా వైమానిక దళ అకాడమీ నుంచి పట్టా అందుకునేనాటికి, స్త్రీలు యుద్ధవిమానం నడపరాదన్నది చట్టం. 1991లో కాంగ్రెస్ ఆ నిషేధాన్ని రద్దు చేసింది. 1993లో గాని రక్షణశాఖ తలుపు తెరవలేదు. 1995లో ఏ-10 విమానంతో ఇరాక్ గగనతలంలోకి వెళ్లి, యుద్ధవిధుల్లో యుద్ధవిమానం నడిపిన అమెరికా వైమానిక దళపు తొలి మహిళ అయ్యారు. ఆ ఏడేళ్లలో ఆమెకు కొత్తగా ధైర్యం పుట్టలేదు. అడ్డు తొలగింది, అంతే.

అదే పైలట్ సౌదీలో స్థావరం గడప దాటితే అబాయా ధరించాల్సి వచ్చేది, మగతోడుతో కారు వెనుక సీట్లో కూర్చోవాల్సి వచ్చేది. 2001లో ఆమె రక్షణమంత్రిపైనే దావా వేశారు. మరుసటి ఏడు కాంగ్రెస్ చట్టం చేసి అబాయా నిర్బంధాన్ని ఆపింది.

పట్టుదల లేనిదే దావా ఎవరు వేస్తారంటారా? నిజమే. కాని అన్యాయాన్ని వ్యక్తి గుండెనిబ్బరానికి పరీక్షగా మార్చి చూపితే, ఆ పరీక్ష పెట్టినవారు విచారణ తప్పించుకుంటారు. ‘తొలి మహిళ’ అన్నది ఆమెకు బిరుదు. అంతకాలం ద్వారం మూసి ఉంచినవారిపై అభియోగం.