పెద్దాసుపత్రి దేనితో పెద్దది?



అలిపిరి అనగానే లోకానికి కొండ మెట్లు గుర్తొస్తాయి. చిత్తూరు, తిరుపతి జిల్లాల పేదవానికి మాత్రం అలిపిరి రోడ్డంటే ఆసుపత్రుల దారి. బర్డ్, స్విమ్స్, రుయా అన్నీ ఈ చుట్టుపక్కలే. గుండె అయినా, కిడ్నీ అయినా, పక్షవాతమైనా పలమనేరు నుంచి, సత్యవేడు నుంచి చాలామంది చివరకు వచ్చి చేరేది ఇక్కడికే.

స్విమ్స్‌కు 1986 ఏప్రిల్ 18న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు శంకుస్థాపన చేశారు. దేవస్థానం అండతో 1993లో వైద్యసేవలు మొదలయ్యాయి. 1995లో రాష్ట్ర చట్టం ద్వారా విశ్వవిద్యాలయమైంది. ఆ తర్వాత 2021 అక్టోబరులో అలిపిరి దగ్గర చిన్నపిల్లల గుండె ఆసుపత్రి, 2022లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాయి. ఒక్క ఊరికి ఇన్ని పెద్దాసుపత్రులు ఉండడం మన అదృష్టమే.

అయితే మల్టీ స్పెషాలిటీ ఆసుపత్రి గొప్పదని దేన్నిబట్టి చెప్పాలి? భవనాన్ని బట్టా, యంత్రాల్ని బట్టా, బోర్డు మీద ఉన్న డాక్టర్ల డిగ్రీలను బట్టా? నా అభిప్రాయం వేరు. ఎన్ని విభాగాలున్నాయన్నది రెండో మాట. ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పోయే దారిలో రోగిని ఎవరు పట్టుకుంటున్నారన్నది మొదటి మాట.

చక్కెర జబ్బున్న ఒక కూలి మనిషిని తీసుకోండి. పదేళ్ళకు ఆ జబ్బు కంటికీ, కాలికీ, కిడ్నీకీ, గుండెకూ పాకుతుంది. నాలుగు విభాగాల్లో నలుగురు డాక్టర్లు చూస్తారు. ఎవరి పనిలో వారు దిట్టలే. కానీ ఎముకల డాక్టరు రాసిన నొప్పి మాత్ర అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీయవచ్చు. సి.టి. స్కాన్‌కు ఎక్కించే మందు కూడా బలహీనమైన కిడ్నీకి భారమే. ఈ నలుగురి చీటీలు ఒకచోట పెట్టి చదివే మనిషి ఆసుపత్రిలో ఒకరుండాలి. విభాగాలు నాలుగైనా మనిషి ఒక్కడే కదా!

ఆ ఒకరు లేనిచోట ఫైలు ఎవరి చేతికి వస్తుందో మనకు బాగా తెలుసు. హాస్టల్లో చదువుకునే పిల్లోడి చేతికి వస్తుంది. మన ఇళ్ళల్లో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుని చదవగలిగేది వాడొక్కడే. తొమ్మిదో తరగతి పరీక్ష మానుకుని, వార్డెన్ దగ్గర లీవు లెటరు పెట్టి, నాయన వెంట ఆసుపత్రికి పోతాడు. "ఈడ ఏం రాసిండారు నాయనా?" అని అమ్మ అడుగుతుంది. నెఫ్రాలజీ అని ఒక బోర్డు, యూరాలజీ అని ఇంకో బోర్డు. రెండూ కిడ్నీకి సంబంధించినవే. మొదటిది మందులతో, డయాలసిస్‌తో చేసే వైద్యం. రెండోది రాళ్ళు, అడ్డంకులు తీసే ఆపరేషన్ల విభాగం. ఈ తేడా పద్నాలుగేళ్ళ పిల్లోడికి ఎట్లా తెలుస్తుంది? తప్పు క్యూలో పూట గడిచిపోతుంది. మరుసటి రోజు మళ్ళీ బస్సు చార్జీ, మళ్ళీ ఒక రోజు కూలి నష్టం.

అందుకే ఆసుపత్రిని చదువురాని మనిషి వైపు నుంచి కొలవాలంటాను. డిశ్చార్జి రోజు మందుల చీటీ చేతిలో పెట్టి పంపడం వేరు. "ఇంటికి పోయినాక ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటావో నువ్వే నాకొకసారి చెప్పమ్మా" అని నర్సు అడగడం వేరు. రోగి తన మాటల్లో తిరిగి చెబితేనే అర్థమయినట్టు. రెండు నిమిషాల పని. రూపాయి ఖర్చు లేదు.

మన జిల్లాల్లో చాలామందికి వేలూరు ఆసుపత్రి మీద గురి ఎక్కువ. ఐడా స్కడ్డర్ 1900లో ఒకే ఒక్క మంచంతో దాన్ని ప్రారంభించారు. ఆమె నర్సుల శిక్షణ మొదలుపెట్టింది 1909లో, ఆడవారి కోసం వైద్య పాఠశాల పెట్టింది 1918లో. నర్సులు ముందు, డాక్టర్ల చదువు తర్వాత. నాకైతే ఇందులో చాలా అర్థం కనిపిస్తుంది. డాక్టరు వచ్చి చూసేది కొన్ని నిమిషాలు, రాత్రంతా మేలుకునేది నర్సు.

కంటికి కనిపించని పనులు ఇంకా ఉన్నాయి. ఒకసారి డయాలసిస్ చేయాలంటే నాలుగు గంటల్లో దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి. ఆ నీటిలో తేడా వస్తే ఎంత పెద్ద డాక్టరున్నా లాభం లేదు. 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు ప్రాణాలు విడిచారని అధికారులే ప్రకటించారు. ట్యాంకరు రావడం ఆలస్యమయిందన్నారు. ఆ రాత్రి డాక్టర్లూ ఉన్నారు, నర్సులూ ఉన్నారు. గొట్టంలో గాలి నిండుగా లేదు. ట్యాంకరు ఎక్కడుందో గంట గంటకూ కనుక్కునే ఉద్యోగి కూడా వైద్యం చేస్తున్నట్టే లెక్క.

ఆపరేషన్ గదిలోనూ అంతే. రోగి పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ వైపు అని కత్తి పెట్టేముందు అందరూ ఆగి పైకి చెప్పుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల పట్టిక ఒకటి ఇచ్చింది. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రులలో పరీక్షించి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో వెల్లడించారు. కొత్త యంత్రమేమీ కొనలేదు, ఒక కాగితం, ఒక అలవాటు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక (ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ) మనవారు పెద్దాసుపత్రి గడప తొక్కగలిగారు. లోపలికి పోయిన తర్వాత దారి చూపడానికి ఆ పథకంలోనే ఆరోగ్యమిత్రలున్నారు. ఆసుపత్రికి పోయిన పిల్లలు ముందుగా వెతకవలసింది వారి బల్లనే.

ఇక మన సంగతి. ప్రతి వార్షికోత్సవంలోనూ ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చినవారికి శాలువా కప్పుతాం. కప్పాలి కూడా. కానీ నర్సింగులో, డయాలసిస్ టెక్నీషియన్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరిన మన పిల్లల పేర్లు మైకులో ఒక్కసారైనా వినిపించవు. "సీటు రాక అందులో చేరినాడు" అని మనమే చిన్నబుచ్చుతాం. అమ్మానాన్నల ఫైలు పట్టుకుని క్యూలో నిలబడిన పిల్లలు రేపు ఆ క్యూకి అవతలి వైపున ఉంటే, తమ అమ్మలాంటి మనిషి అడిగినప్పుడు విసుక్కోరని నా నమ్మకం. వచ్చే ఏడాది వేదిక మీదికి పిలిచే పేర్లలో వారివి కూడా చేర్చమని వార్డెన్ గారికీ, ఉత్సవ కమిటీకీ నా మనవి.