చీటీ లేని రోగి

రోగం ముదిరాక మందు వెయ్యటం పాత పద్ధతి. ముదరబోతున్నదని ముందే పసిగట్టటం కొత్త పద్ధతి. ఆసుపత్రి కంప్యూటర్లలో పోగుపడిన నాడి, రక్తపోటు, రక్తపరీక్షల వివరాలు చదివి, ఏ రోగికి ప్రాణం మీదికి రాబోతున్నదో కృత్రిమ మేధ చెబుతుందంటే సైన్సు విద్యార్థిగా నేను సంతోషిస్తాను. పల్లెల్లో డాక్టర్లు దొరకని మన దేశానికి ఇది వరమే. అయితే ఈ వరం ఎవరికి దక్కుతుంది అన్నదే నా ప్రశ్న.

2019లో డీప్‌మైండ్ శాస్త్రజ్ఞులు అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచి 7,03,782 మంది రికార్డులు తీసుకుని ఒక పద్ధతి తయారుచేశారు. మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ఘటనల్లో 55.8 శాతాన్ని, 48 గంటల ముందు వరకూ, అది పసిగట్టింది. ఒక్కొక్క నిజమైన హెచ్చరికకు రెండేసి ఉత్తుత్తి హెచ్చరికలూ ఇచ్చింది. అయినా గొప్ప విషయమే. కానీ ఆ రోగుల్లో ఆడవాళ్ళు నూటికి ఏడుగురైనా లేరు. యంత్రానికి తను చూసినవాళ్ళే లోకం.

అదే ఏడు ‘సైన్స్’ పత్రికలో మరో పరిశోధన వచ్చింది. అమెరికాలో ఎవరికి అదనపు వైద్య సహాయం అవసరమో తేల్చే ఒక కంప్యూటర్ పద్ధతి, రోగి మీద అయ్యే ఖర్చును బట్టి జబ్బు తీవ్రతను లెక్కగట్టింది. వైద్యం సరిగా అందక నల్లజాతివారి మీద ఖర్చు తక్కువయింది. అందుచేత జబ్బు ఎక్కువగా వున్నా వాళ్ళు జాబితాలో వెనకబడిపోయారు. లెక్క సరిచేస్తే సహాయానికి ఎంపికయ్యేవారిలో వారి వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

ఇది చదివితే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఎంత నొప్పి వచ్చినా “కోతలయ్యాక చూద్దాంలేరా” అంటాడు. మరీ తప్పకపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు. దానికి చీటీ వుండదు. ఖర్చు లెక్కన చూస్తే మా ఊళ్ళో ఆయనంత ఆరోగ్యవంతుడు లేడు!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దశాబ్దాలుగా రైతులూ కూలీలూ కిడ్నీ జబ్బుతో చనిపోతున్నా, అసలు కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. అలాంటి చోట్ల మనిషి మనిషికీ క్రమం తప్పకుండా క్రియాటినిన్ పరీక్ష చేసి రాసిపెట్టటం మొదటి పని. యంత్రం ఆ తరువాత.

2021 నుంచి దేశమంతటా డిజిటల్ ఆరోగ్య సంఖ్యలు ఇస్తున్నారు. మంచిదే. కానీ సర్వే నంబర్లు ఎక్కని పాసుపుస్తకంతో బ్యాంకులో అప్పు పుడుతుందా? పరీక్షలు ఎక్కని ఆరోగ్య సంఖ్యా అంతే.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన ప్రతి రోగి వివరం నమోదు కావాలి. నకలు రోగి చేతిలో వుండాలి. పరాయి దేశంలో తయారైన పద్ధతిని మన రోగుల రికార్డులతో సరిచూసి, తప్పొప్పులు బయటపెట్టాకే వాడాలి. ఆఖరి మాట మంచం పక్కన నిలబడ్డ డాక్టరుదే కావాలి.

మిత్రులారా, రేపు ఈ యంత్రాలను తయారుచేసేవాళ్ళలో మన కళాశాల వాళ్ళూ వుంటారు. లెక్క మొదలుపెట్టే ముందు, అందులోకి ఎక్కనివాళ్ళు ఎవరో ఒక్కసారి వెతకండి.