తక్కెడ పాలవుతున్న చందమామలు
పాత పత్రికలు, నవలలకు నగరాల్లో గిరాకీ.. సీమలో మాత్రం కిలోల లెక్క

కడప, కర్నూలు: ఇంటికి సున్నం కొట్టించేటప్పుడో, అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడో అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. అందులో తాతగారి చందమామలు, నాన్నగారు దాచుకున్న డిటెక్టివ్ నవలలు, వారపత్రికల నుంచి కత్తిరించి అమ్మ బైండు చేయించుకున్న సీరియళ్లు ఉంటాయి. సాయంత్రానికి పాత పేపర్ల వ్యాపారి వచ్చి వాటిని తక్కెడలో వేస్తాడు. ఇవే పుస్తకాలను హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం సంతలో ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, అట్ట చూసి, ముద్రణ సంవత్సరం చూసి బేరమాడతారు. ఇక్కడ తూకం లెక్క, అక్కడ సంచిక లెక్క. ఈ రెండు లెక్కల నడుమ రాయలసీమ పోగొట్టుకుంటున్నది డబ్బు మాత్రమే కాదు.

మన జిల్లా బిడ్డ పత్రిక

చందమామ 1947 జులైలో మద్రాసులో పుట్టింది. దానిని చక్రపాణితో కలిసి స్థాపించిన బి.నాగిరెడ్డి స్వగ్రామం కడప జిల్లాలోని పొట్టిపాడు. కొడవటిగంటి కుటుంబరావు 1980లో కన్నుమూసే వరకు దాదాపు మూడు దశాబ్దాలు ఆ పత్రికకు సేవలందించారు. చిత్రా, ఎం.టి.వి.ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ బొమ్మలు అక్షరాలు రాని పిల్లలకు సైతం కథ చెప్పాయి. 2007లో పత్రిక యాజమాన్యం చేతులు మారింది. 2013 నాటికి అచ్చు నిలిచిపోయింది. కొత్త సంచిక వచ్చే ఆశ లేనందున ఉన్న ప్రతి పాత సంచికకూ విలువ ఏర్పడింది.

చదివిన వారే చింపేశారు

పాత కాగితమంతా బంగారమేమీ కాదు. అయితే దేనికి విలువ ఉందో తెలియకపోవడమే అసలు సమస్య. వేయి నవలల రచయితగా పేరొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు పుస్తకాలు, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కథలు, మధుబాబు షాడో నవలలు ఒకనాడు ఇంటింటా చదివినవే. అంత విరివిగా అమ్ముడైన పుస్తకాలు నేడు ఎందుకు దొరకవన్న ప్రశ్నకు సమాధానం సులభం. అవి చేతులు మారి మారి చిరిగిపోయాయి. అద్దె పుస్తకాల దుకాణాల్లో ముద్రలు పడ్డాయి, బైండింగులో అట్టలు ఊడాయి. పండితులు వీటిని చౌకబారు సాహిత్యమన్నారు. దాచి ఉంచే బాధ్యతను ఎవరూ తీసుకోలేదు. ఫలితంగా ఆ ట్రంకుపెట్టెలే వీటికి గ్రంథాలయాలయ్యాయి.

సీరియళ్ల బైండ్ల సంగతి మరీ ముఖ్యం. వారపత్రికలో వచ్చిన నవల తర్వాత పుస్తకంగా వెలువడినా, వారం వారం బాపు వంటి చిత్రకారులు వేసిన బొమ్మలన్నీ అందులోకి రావు. ఇంటి ఇల్లాలు దారంతో కుట్టి దాచుకున్న ఆ కట్టలోనే కథ, బొమ్మ కలిసి మిగిలాయి. దానిని తూకానికి వేస్తే రెండూ ఒకేసారి పోతాయి.

ఎండ కాచింది.. వరద ముంచింది

కోస్తాలోని చెమ్మతో పోలిస్తే మన పొడి వాతావరణంలో కాగితానికి బూజు బెడద తక్కువ. చెదలు పట్టకుండా చూసుకుంటే యాభై ఏళ్ల నాటి సంచిక సైతం నిలుస్తుంది. అయితే 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆ రక్షణ అక్కరకు రాలేదు. ఇళ్లలో నిలిచిన బురదనీటిలో బియ్యం, బట్టలతో పాటు పుస్తకాలూ ముద్దయ్యాయి. బియ్యానికి, బట్టలకు సాయం అడగవచ్చు. పాత సంచికను మళ్లీ ఎవరిస్తారు? ఒకే ఊరిలో, ఒకే ఇంట్లో, ఒకే ప్రతిగా మిగలడంలోని ప్రమాదాన్ని ఆ వరద చాటింది.

బ్రౌన్ చూపిన బాట

ఈ నేలకు సేకరణ కొత్త విద్య కాదు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్, తర్వాతి కాలంలో ఇక్కడి తన బంగళాలో పండితులను నియమించి, సొంత ఖర్చుతో తాళపత్రాలు సేకరించి, శుద్ధప్రతులు రాయించారు. నాటి పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలనూ ఆయన వదలలేదు. ఆ బంగళా ఉన్నచోటనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో గ్రంథాలయం వెలసింది. 2006 నుంచి అది యోగి వేమన విశ్వవిద్యాలయం అధీనంలో భాషా పరిశోధన కేంద్రంగా సాగుతోంది. గ్రంథాలయోద్యమ నేత గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది కర్నూలులోనే. ఇంతటి వారసత్వమున్న చోట పుస్తకం పొట్లం కాగితంగా మారడం విచారకరం.

తూచే ముందు ఒక్క చూపు

ఇందుకు కోట్ల నిధులు అవసరం లేదు. అమ్మే ముందు పెట్టెలోని పుస్తకాల జాబితా రాసుకోవాలి. సంచిక నెల, సంవత్సరం, ముద్రణ వివరాల పుట, అట్ట ఉన్నాయో లేదో చూడాలి. కొనేవారు సైతం జాగ్రత్త వహించాలి. రంగుల నకలును అసలు ప్రతిగా అంటగట్టే వీలున్నందున కాగితం రంగు, అచ్చు, కుట్టు పరిశీలించాలి. తన వద్ద ఉన్న పాత ప్రతిని అమ్ముకోవడంలో తప్పు లేదు. దానిని అచ్చు వేసి అమ్మితే మాత్రం కాపీహక్కు చట్టం అడ్డువస్తుంది. రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు ఆ హక్కు వారసులకు ఉంటుంది.

గ్రంథాలయాలు శిథిల ప్రతులను తొలగించే ముందు ఆ జాబితాను బ్రౌన్ కేంద్రానికి పంపే పద్ధతి ఏర్పడితే మేలు. ఇంటి యజమానులు ఇవ్వదలచిన పుస్తకాలను స్వీకరించేందుకు ఉభయ జిల్లాల్లో ఒక్కొక్క చోటు ఉన్నా చాలు. పన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు చెల్లిస్తూనే ఉన్నారు. ఆ సొమ్ములో కొంత ఇందుకు వెచ్చించమని అడిగే హక్కు వారికుంది.

వ్యాపారిని నిందించి ప్రయోజనం లేదు. కాగితాన్ని తూచడం అతని వృత్తి. అతని తక్కెడలో ఏమి వేస్తున్నామో చూసుకోవాల్సింది మనమే. సీమ ఇళ్లలో మిగిలిన చందమామ మళ్లీ అచ్చు కాదు.