ఒక్క ముక్కకు ఏమౌతుంది?

మా అబ్బాయికి సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ వాడికి పడదు. ఈ "పడదు" అన్న మాటతోనే వచ్చింది చిక్కంతా. పడకపోవడమంటే మనవాళ్ళకు తుమ్ములో దద్దుర్లో స్ఫురిస్తాయి. ఇది అటువంటిది కాదు. గ్లూటెన్ లోపలికి వెళ్ళినప్పుడల్లా శరీరం తన చిన్నప్రేగు మీద తానే దాడి చేసుకుంటుంది. తిన్నది ఒంటబట్టదు, ఎదుగుదల కుంటుపడుతుంది. జీవితాంతం పథ్యమే దీనికి మందు. గోధుమకూ ఈ వ్యాధికీ ఉన్న లంకెను విల్లెం డికే అనే డచ్చి వైద్యుడు 1950లోనే తన సిద్ధాంతగ్రంథంలో చూపించాడు. ఆ కబురు మా పిల్లవాడి బడికి ఇంకా చేరలేదు.

తరగతిలో ఎవరిదో పుట్టినరోజు. కేకు వచ్చింది. "ఒక్క ముక్కకు ఏమౌతుందండీ, చిన్నబుచ్చుకుంటాడు కదా" అన్నారు ఉపాధ్యాయిని. వైద్యుని చీటీ చూపించాను. దానికి వారు కనిపెట్టిన పరిష్కారం ఇది: కేకు కోసే వేళకు మావాణ్ణి గ్రంథాలయంలో కూర్చోబెట్టడం. దీనికి వారు పెట్టుకున్న పేరు "ప్రత్యేక శ్రద్ధ". ఎనిమిదేళ్ళవాడు ఆ సాయంత్రం నన్నడిగాడు: "కేకు తినను సరే నాన్నా, పాట కూడా పాడకూడదా?"

పథ్యమంటే తెలియని జాతి కాదు మనది. మడి, ఏకాదశి, కార్తీక సోమవారం మనకెవరూ నేర్పనక్కరలేదు. అదే బడిలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లవాడు నల్లబట్టలతో వస్తే యూనిఫాం నియమం మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. అతనికి "ఒక్క ముక్కకు ఏమౌతుంది స్వామీ" అని ఎవరూ కోడిముక్క చేతిలో పెట్టరు. పెట్టకూడదు కూడా. నలభైయొక్క రోజుల దీక్షకు దక్కిన గౌరవం బతుకంతా పాటించవలసిన పథ్యానికి ఎందుకు దక్కదన్నదే నా ప్రశ్న. (మా ఇంట్లోనూ ఇది సులువుగా జరగలేదు. అన్నవరం ప్రసాదం గోధుమనూకతో చేస్తారని, అదీ వద్దని మా అమ్మను ఒప్పించడానికి ఆరునెలలు పట్టింది.)

పుట్టినరోజులకు కేకు బదులు సున్నుండలో, నువ్వుండలో, మరమరాల ఉండలో పంచవచ్చు కదా అని ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగాను. వరి తినే దేశంలో ఇదేమంత గొంతెమ్మ కోరిక? "ఒక్కడికోసం నలభైమంది సంతోషం పాడుచేయమంటారా?" అన్నారాయన. మైదా లేనిదే సంతోషం లేదన్న శాస్త్రం మన బడుల్లోకి ఎప్పుడు ప్రవేశించిందో! మన నాయనమ్మలు మనకు సంతోషం పెట్టలేదు కాబోలు.

ఆ బడిలో విషయం వెంటనే గ్రహించినది వంటమనిషి ఒక్కతే. బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుస్తుందని చెప్పగానే డబ్బా తెచ్చి నాచేత చదివించుకున్నది. "పూరీపిండి తగిలిన గరిటె కూడా వాడకూడదా అయ్యా?" అని అడిగింది. ఆ మరునాటినుంచి మావాడి సాంబారు ఇంగువ లేకుండా ముందే తీసిపెడుతున్నది. ఆమె ఏ శిక్షణ తరగతులకూ వెళ్ళలేదు.

వచ్చే శుక్రవారం ఇంకొక పిల్లవాడి పుట్టినరోజు. నేను సెలవు పెట్టాను. నువ్వుండల డబ్బా పట్టుకుని తరగతి గుమ్మం దగ్గర నిలబడతాను. మావాడు లోపలే ఉంటాడు, పాట పాడతాడు.